కడుపు ఒత్తిన చేపలు

పోయిన శనివారం మా స్కూలు పిల్లల్ని మడ అడవి చూపించడానికి తీసుకెళ్ళాం. ఒక్కో ప్లాస్టిక్ పడవలో ఇద్దరేసి పిల్లలు, ఒంటిమీద నారింజరంగు చొక్కాలు, చేతిలో తెడ్లు. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు, అయినా నెత్తికి హెల్మెట్టు ఉండాలని ఎవరో రూలు పెట్టారు. ఆ రూలు మీద ఒడ్డునే పెద్ద వాదన జరిగింది, నేనే గెలిచాను. ఆ ఉత్సాహంలో ముందు పడవలోని గైడు చెప్పేదంతా చెవులు రిక్కించి వినడం మొదలుపెట్టాను. అలా వినకుండా ఉంటే బాగుండేది.

ఫిలిప్పీన్స్ అమ్మాయి. చక్కటి గొంతు. పోటు వచ్చినప్పుడు చేపలు ఇక్కడికి భోజనానికి వస్తాయి, నీళ్ళు వెనక్కి తీసేలోపు తిని వెళ్ళిపోతాయి, ఈ చెట్ల మొదళ్ళన్నీ వాటికి డైనింగ్ టేబుళ్ళు అని చెప్పింది. పిల్లలు నవ్వారు. ఈ సంగతి మనకి తెలిసి ఎంతో కాలం కాలేదు అని కూడా అంది.

"తెలిసినవాళ్ళకి ఎప్పుడో తెలుసు. వాళ్ళని అడిగినవాళ్ళే లేరు" అన్నాను, కొంచెం గట్టిగానే.

ఆ అమ్మాయి తెడ్డు ఆపి, మర్యాదగా, "మీరు సముద్రజీవుల గురించి చదువుకున్నారా మేడమ్" అని అడిగింది.

అప్పుడే బురదవాసన వచ్చి ముక్కుకి తగిలింది. కుళ్ళిన ఆకు, ఉప్పు, ఉడికిన కోడిగుడ్డు కలిపినట్టుండే వాసన. అది నాకు పదకొండో ఏట నుంచి తెలుసు.

అప్పుడు మేం ఈ అరబ్బు ఊళ్ళోనే నజ్మా అనే పేటలో ఉండేవాళ్ళం. కింద దర్జీ కొట్టు, పక్కన మలబారువాళ్ళ హోటలు, మూడో అంతస్తులో మా రెండు గదుల ఇల్లు. పొద్దున్నే పరోటా కాలే వాసన, మధ్యాహ్నం నమాజుకి వెళ్ళొచ్చేవాళ్ళ అత్తరు, సాయంత్రం ఎవరింట్లోంచో ఊదు పొగ. వీటన్నిటి మీద మా ఇంటి సొంత వాసన ఒకటుండేది, ఫార్మలిన్. చచ్చినవాటిని చెడిపోకుండా దాచే మందు అది. నాన్న చొక్కాలకీ, గడియారం పట్టీకీ, తలగడకీ పట్టేసింది. శుక్రవారం రాత్రుళ్ళు మా ఇంటికి వచ్చే ఆంధ్రా కుటుంబాలవాళ్ళు గుమ్మంలోనే ముక్కు చిట్లించేవాళ్ళు. "మీ ఇల్లు అచ్చం హాస్పిటల్లా ఉంటుందండీ" అందొకావిడ అమ్మతో. "అందుకే కదా ఆంటీ వారం వారం వస్తున్నారు" అన్నాను నేను. అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. నా నోరు అప్పటికే అంత.

నాన్న జువాలజీ ఎమ్మెస్సీ. గోదావరి సముద్రంలో కలిసేచోట పుట్టినవాడు. ఇక్కడ సర్కారువాళ్ళ ఆఫీసొకదాంట్లో చేపల మీద పని. అమ్మ దాన్ని ఎప్పుడూ చేపలాఫీసు అనేది. ఏడాదికోసారి కాంట్రాక్టు రెన్యూవల్. ఆ నెల వచ్చిందంటే ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడకూడదు, నేను తప్ప ఎవరూ మాట్లాడేవారూ కాదు.

ఆ ఏడు నాన్నకి అప్పగించిన పని ఒక కయ్య. ఉత్తరాన, అల్ ఖోర్ వెళ్ళే దారిలో, సముద్రం వేలు చాపినట్టు ఇసుకలోకి చొచ్చుకొచ్చిన సన్నటి నీటిపాయ. అరబ్బులు ఖోర్ అంటారు. రెండు పక్కలా మడ చెట్లు. రోడ్డు వేసే కంపెనీకి అది అడ్డం. పూడ్చేస్తే రోడ్డు తిన్నగా పోతుంది, లేకపోతే చుట్టు తిరగాలి. చేపలు అక్కడికొచ్చి మేస్తున్నాయా, ఊరికే వచ్చి పోతున్నాయా చూసి చెప్పమన్నారు. మేస్తున్నాయంటే కయ్య ఉంటుంది, ఇంకో ఏడాది సర్వే కూడా నడుస్తుంది. మేయడం లేదంటే రెండూ ఉండవు.

చూడటం అంటే చేప కడుపు కోసి చూడటమే. వారానికోసారి, శుక్రవారం, చేపలు పట్టించేవాడు నాన్న. ఆ రోజు ఆఫీసు మూసి ఉంటుంది కాబట్టి కోత మా వంటింటి బాల్కనీలో. పాత పేపర్లు పరిచి, పీట వేసుకుని, కత్తెరతో కోసి, కడుపు విప్పి చూసేవాడు. పుస్తకం పట్టుకుని పక్కన నేను. రాయడం నా పని. కడుపు నిండుగా ఉంటే నాలుగు, సగముంటే రెండు, ఖాళీగా ఉంటే సున్నా. "రాత గుండ్రంగా ఉంటుంది, నీకిస్తున్నాను, వాగకుండా రాయి" అన్నాడు నాన్న. తీసిన కడుపులు ఫార్మలిన్ సీసాలోకి, మిగిలిన చేప అమ్మ బేసిన్‌లోకి. మా ఇంట్లో సైన్సు ఎక్కడ అయిపోయి పులుసు ఎక్కడ మొదలయ్యేదో చెప్పడం కష్టం.

చేపలు పట్టే మనిషి నాన్న ఆఫీసువాడు కాదు. లేబర్ కంపెనీ నుంచి తెచ్చుకున్న మనిషి. నిర్మల్ దగ్గర గోదావరి ఒడ్డు ఊరు ఆయనది, తాతల నాటి నుంచి చేపలు పట్టే ఇల్లు. వీసాలో మేస్త్రీ హెల్పరు, చేసేది రోడ్డు పని. వల పట్టడం ఎవరికి వచ్చని నాన్న క్యాంపులో అడిగిస్తే వందమందిలో ఈయనొక్కడు చెయ్యెత్తాడట. వారమంతా వలలు కడగడం, చిరుగులు కుట్టడం, నీటి లోతు కొలిచి రావడం, శుక్రవారం చేపలు పట్టడం. అంతే డ్యూటీ.

"బాబాయ్ అని పిలు" అంది అమ్మ.

"మా దిక్కు బాబాయ్ అనరు బిడ్డా, చిన్నాయన అంటరు" అన్నాడాయన.

"చిన్న ఆయనా? మీరు నాన్నకంటే పొడుగున్నారు కదా."

"పొడుగుతోటి ఏముంది. సార్ కుర్సీల కూసుంటడు, నేను బురదల నిలబడ్త. గట్ల చిన్న."

ఆయన ఎప్పుడూ అంతే, నవ్వకుండా అనేవాడు. నాన్నకి ఆ మాటలు నచ్చేవి కావు. "లేబర్‌తో ఎంతలో ఉండాలో అంతలో ఉండు" అనేవాడు కారులో తిరిగొచ్చేటప్పుడు. ఎంతలోనో కొలిచి చెప్పమని నేను అడిగేదాన్ని.

నాకు స్కూలు లేని శుక్రవారాలు కాబట్టి నాన్నతో నేనూ వెళ్ళేదాన్ని. కారు తారురోడ్డు చివర ఆగేది. అక్కణ్ణుంచి కయ్య రెండు ఫర్లాంగులు, చీలమండ దాకా దిగబడే బురద. నాన్న దిగేవాడు కాదు. కారు నీడలో మడతకుర్చీ వేసుకుని, పేపరు విప్పుకుని, "సరిగ్గా పోటు నిండాక వల కట్టమను" అని నాతో చెప్పి పంపేవాడు. ఫీల్డు మనిషి తెస్తాడు, సైంటిస్టు చూస్తాడు, అది ఆయన పద్ధతి. ఆ పద్ధతిలో ఒక ముక్క లోపించింది. ఆ చేపలు ఎందుకో చిన్నాయనకి చెప్పలేదు. తెచ్చి పెట్టమన్నాడంతే. నాకు చెప్పాలని తోచలేదు, ఆయనకి తెలుసుననుకున్నాను.

ఆ బురదలో నాకు చదువు చెప్పింది చిన్నాయన. మడ చెట్టు చుట్టూ నేలలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచిన వేళ్ళుంటాయి. పోటు వచ్చేటప్పుడు వాటి మధ్యకి ముందు వేలెడేసి పిల్ల చేపలు దూరేవి, పెద్ద చేపలకి దొరక్కుండా. వాటి వెనక సాఫీలనే చేపలు వచ్చి వేళ్ళకి పట్టిన పచ్చటి నాచు గీక్కుని తినేవి. తర్వాత బియాహ్‌లు, మా అమ్మ కొయ్యింగలు అనేది వాటిని, గుంపుగా వచ్చి పెదవులు నేలకి ఆనించి బురద తాగుతున్నట్టు మేసేవి. నీళ్ళు తీశాక బురద మీద వాటి మూతి గుర్తులుండేవి, ఎవరో చెమ్చాతో గీరినట్టు.

"చూస్తివా, ఎంగిలి చేసి పోయినయి" అనేవాడు. "మా గోదావరిల గూడ ఇదే కత. కొత్తనీళ్ళస్తే ఒడ్డుకు ఎక్కి మేస్తయి. నీళ్ళు ఏరైనా, తిండి ఒక్కటే."

కయ్య నోటికి అడ్డంగా వల కట్టి, నీళ్ళు తీసేవేళకి లాగేవాడు. చేపల్ని ఒకటొకటే విడిపించి, ఎడమచేత్తో తలపట్టి, కుడిచేతి బొటనవేలితో గొంతు కింది నుంచి తోకవైపు, మళ్ళీ తోక నుంచి నోటివైపు కడుపు ఒత్తేవాడు. నల్లటి బురద, నాచుముక్కలు, రొయ్యపొట్టు జారి పడేవి. ఉప్పునీళ్ళలో రెండుసార్లు జాడించి ఐసుపెట్టెలో పేర్చేవాడు. ప్రతి చేపా. బిడ్డకి నీళ్ళు పోసినంత శ్రద్ధగా.

"ఎందుకలా ఒత్తుతారు?" అని మొదటి వారమే అడిగాను.

"బురద తిన్న చేప, ఎండల గంటసేపుంటే కడుపుల మురుగుతది. కూరంత బురదవాసనొస్తది. సార్ ఇంట్ల తినే చేప, అమ్మ ఏమనుకుంటది? మా ఇండ్లల్ల ఇయ్యరమయ్యకు పంపే చేపలు గిట్లనే ఒత్తి పంపుతం."

వియ్యంకుడికి పంపే చేప. మర్యాద. నాకది ఎంతో నచ్చింది. అక్కడితో మర్చిపోయాను.

ఒకరోజు వల ఆరేస్తూ ఆయనే చెప్పాడు. నేను అడగలేదు.

"పోయిన ఎండకాలం రోడ్డు మీద రెండు తాపల పడ్డ బిడ్డా. రెండో తాప మూడు దినాలు దవాఖాన్ల ఉన్న. మూత్రం డికాషన్ లెక్క అచ్చింది. డాక్టరు చెప్పిండు, ఇంకొక్క ఎండకాలం రోడ్డు మీదికి పోతే కిడ్నీలు మాఫీ."

మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదని.

"మరి ఇంటికి వెళ్ళిపోవచ్చుగా."

"అగ్రిమెంటు ఇంక ఏడాదిన్నర ఉన్నది. పాస్‌పోర్టు కంపెనీ తాన ఉన్నది. ఈ నీళ్ళ డ్యూటీ ఉన్నన్ని దినాలు నాకు భయం లేదు. సార్‌కు జర నచ్చేటట్టు పని చేస్తున్న."

నచ్చేటట్టు అంటే ఎలాగో అప్పుడు నాకు తట్టలేదు.

ఇంట్లో బాల్కనీలో నాన్న కోసేవాడు, నేను రాసేదాన్ని. "బియాహ్, ఒకటి. సున్నా. బియాహ్, రెండు. సున్నా. సాఫీ. సున్నా." సున్నాలు నాకు మహా అందంగా వచ్చేవి. ఎప్పుడైనా ఒక దాంట్లో చిన్న నాచుపోగు కనిపిస్తే నాన్న భూతద్దం పెట్టి చూసి, "ఒకటి వెయ్యి" అనేవాడు, అదేదో పండుగలాగా. అమ్మ పులుసు పెడుతూ లోపల్నుంచి అనేది: "ఏ మాటకామాటే, మన కొయ్యింగల్లా కాదండీ, చుక్క బురదవాసన లేదు. ఈ దేశంలో చేపలు కూడా శుభ్రమే." చింతపండు మా అమ్మమ్మ పంపింది, మామిడికాయ సూక్‌లో, అంటే ఇక్కడి బజారులో, కొన్నది. ఆ పులుసు రుచి ఇంకా నాలుక మీద ఉంది, పోతే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

చలికాలం అలాగే గడిచింది. చివర్లో నాన్న ఆర్నెల్ల రిపోర్టు రాసి ఆఫీసులో ఇచ్చాడు. గాలి వేడెక్కడం మొదలైన ఒక శుక్రవారం రాత్రి మా ఇంట్లో నాలుగు కుటుంబాలు కూడాయి. మగవాళ్ళు ముందు గదిలో చాప మీద, ఆడవాళ్ళు వంటింట్లో, పిల్లలు మధ్యలో తలుపు దగ్గర. ఇంజినీరు అంకుల్ ఒకాయన అడిగాడు.

"మీ కయ్య సంగతి ఏమైందండీ? రోడ్డు వస్తుందా, రాదా?"

"వస్తుంది. అక్కడ చేపలు తినడం లేదు. ఆర్నెల్ల డేటా ఉంది, నూటికి తొంభై కడుపులు ఖాళీ. నీళ్ళతోపాటు వస్తున్నాయి, నీళ్ళతోపాటు పోతున్నాయి. పై వాళ్ళు కూడా అదే ఆశిస్తున్నారు, మెచ్చుకున్నారు."

"పోన్లెండి, ఎయిర్ కండిషన్ కారులో వచ్చిపోయేవాళ్ళన్నమాట, మనలాగే" అన్నాడు ఇంకొకాయన. అందరూ నవ్వారు.

నా చేతిలో పకోడీ ఉంది. అది నోటిదాకా వెళ్ళలేదు. బురద మీద మూతి గుర్తులు, బొటనవేలు, జారిపడే నల్లటి ముద్ద, నా సున్నాలు, అన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి. అప్పుడే లేచి చెప్పాల్సింది. ప్రతి దానికీ అడ్డు మాట్లాడే పిల్లని, ఆ ఒక్కసారి ఆగాను. శాంపిల్ పాడు చేశాడని తెలిస్తే నాన్న ఆయన్ని మర్నాడే పంపించేస్తాడు. చెప్పకపోతే కయ్య పూడుస్తారు, అప్పుడూ పంపించేస్తారు. రెండు దారులూ ఆ రోడ్డు మీదికే పోతున్నాయి. పదకొండేళ్ళ బుర్రకి మూడో దారి ఒకటి తట్టింది. ముందు చిన్నాయనకి చెప్పాలని.

వారం ఆగి, కయ్య దగ్గర చెప్పాను. ఆయన అప్పుడే ఒక చేప కడుపు మీద వేలు పెట్టి ఉన్నాడు. వేలు అలాగే ఉండిపోయింది.

"సార్ కడుపుల చూసేది గందుకా?"

"అందుకే. ఏం తిన్నాయో చూడటానికి."

"కూరకు అనుకున్న బిడ్డా." చేపని పక్కన పెట్టి మళ్ళీ అన్నాడు, "ఒక్క మాట చెప్తే అయిపోవు గదా. గింత మాట."

అది నాన్నని అన్నాడో, నన్ను అన్నాడో అడగలేదు.

ఆ రోజు పెట్టెలో అప్పటికే పడినవాటిని తీసి చెట్ల మధ్యకి విసిరేశాడు. ఒత్తనివి మాత్రమే ఐసులో పెట్టాడు. "ఇగ ఇప్పటి సంది ఒత్తను. సార్‌కు నువ్వు చెప్పకు. నిండుగున్నయని ఆయనకే ఎర్కయితది. అయినంక సర్వే ఉంటది, నేను ఉంట" అన్నాడు. మొహంలో ఒక వెలుగు. నాకూ ధైర్యం వచ్చింది. మా ఇద్దరికీ లోకం తెలియదని ఆ మధ్యాహ్నమే తేలిపోయింది.

ఐసుపెట్టె మూడంతస్తులు మోసుకొచ్చేది చిన్నాయనే. దించి, మెట్ల మీద కూర్చుని అమ్మ ఇచ్చిన చాయ్ తాగి వెళ్ళేవాడు. ఆ రోజూ కూర్చున్నాడు. బాల్కనీలో నాన్న మొదటి బియాహ్ కోశాడు. కడుపు విప్పగానే నల్లటి బురద పేపరు మీద పరుచుకుంది. రెండోది. మూడోది. సాఫీ కడుపులోంచి పచ్చటి నాచు ఉండ. ఇంకో చేప కడుపులో చిన్న ఎండ్రకాయ కాలు, తెగకుండా. నేను పెన్ను పట్టుకుని, సంతోషం దాచుకోలేక, నాన్న మొహంలోకి చూస్తున్నాను.

నాన్న కత్తెర కింద పెట్టి, చేతులు కడుక్కోకుండానే మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఏం కూరావు వీటి నోట్లో?"

"ఏం కూరలే సార్."

"ఆర్నెల్ల నుంచి లేని తిండి ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చింది? సర్వే ఆగిపోతోందని ఎవరు చెప్పారు నీకు? డ్యూటీ కోసం చచ్చిన చేపలకి బురద మేపావా?"

చిన్నాయన చాయ్ గ్లాసు మెట్టు మీద పెట్టి నిలబడ్డాడు. నావైపు చూడలేదు. అది నాకు ఇప్పటికీ తలవంపు. చూసి ఉంటే నాకు తేలికయ్యేది.

"కూరలేదు నాన్నా" అన్నాను. "ఇన్నాళ్ళూ తీసేశాడు. నేను చూశాను. కూరలో బురదవాసన రాకూడదని కడుపులు ఒత్తి ఇచ్చేవాడు. నువ్వు ఎందుకో ఆయనకి చెప్పలేదు. నువ్వు కారు దిగితే నీకే కనిపించేది."

చివరి మాట అనకుండా ఉండాల్సిందేమో. కానీ నేను అంటే అదే.

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "అదా సంగతి" అంది, తనలో తనే.

నాన్న చిన్నాయనతో "నువ్వు వెళ్ళు" అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఆయన మెట్లు దిగిన చప్పుడు కింద దర్జీ మిషను చప్పుడులో కలిసేదాకా నాన్న అలాగే నిలబడి, తర్వాత తలుపు వేశాడు.

తర్వాత జరిగింది వాదన అనలేను. వాదనలో ఇద్దరుంటారు.

"రిపోర్టు పైకి వెళ్ళిపోయింది" అన్నాడు నాన్న. "ఇప్పుడు ఏమని రాయను? ఆర్నెల్లు పనిమనిషి కడుపులు ఒత్తుతుంటే సైంటిస్టు కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడని రాయనా?"

"అదే రాయి. నిజమే కదా."

"వచ్చే నెల రెన్యూవల్. రాస్తే ఉండదు. సామాను సర్దుకోవాలి. నీ స్కూలు మధ్యలో ఆగుతుంది. ఇంటికెళ్ళి నేను ఏ కాలేజీలో డెమాన్‌స్ట్రేటర్ పనికి తిరగాలి?"

"మీ ఆఫీసు సంగతి నాకు తెలీదండీ" అంది అమ్మ. "ఈ చేప మాత్రం తిని వచ్చింది. అది నాకు తెలుసు."

నాన్న మళ్ళీ వచ్చి పీట మీద కూర్చున్నాడు. ముందున్న పేపరు మీద బురద, నాచు, ఎండ్రకాయ కాలు. నా ఒళ్ళో పుస్తకం.

"బియాహ్, ఒకటి" అన్నాడు. "కడుపు?"

సున్నా అనలేదు. నాలుగు అనలేదు. కడుపు, అని ఆగాడు. చూపు గోడవైపు.

నేను అమ్మవైపు చూశాను. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నా స్నేహితురాలి పుట్టినరోజు గుర్తొచ్చింది, వచ్చే ఏడాది నాకు ఇస్తామన్న క్లాస్ లీడరు గుర్తొచ్చింది. నాన్న మెడ మీద చెమట, ఆ మెడ సన్నబడటం మొదటిసారి కనిపించింది. ఇవన్నీ సాకులు. నేను సున్నా పెట్టాను.

"రెండు" అన్నాడు నాన్న. "కడుపు?"

ఆ రోజు పధ్నాలుగు చేపలు. పధ్నాలుగు సార్లు అడిగాడు. ఒక్కసారీ నా పుస్తకంలోకి చూడలేదు.

పులుసు ఆ రాత్రి ఎవరం తినలేదు.

వారం తిరక్కుండా చిన్నాయనని లేబర్ కంపెనీకి తిరిగి ఇచ్చేశారు. రబ్బరు బూట్లు ఆఫీసువి, అవి ఇవ్వడానికి ఒక సాయంత్రం మా ఇంటికొచ్చాడు. నాన్న లేడు. అమ్మ లోపలికి రమ్మంది, రాలేదు. బూట్లు కడిగి, తుడిచి, జత చేసి గుమ్మం పక్కన పెట్టాడు.

"సార్ మీద కోపం పెట్టుకోకు బిడ్డా. పెద్ద నౌకరి, పెద్ద భయం. నువ్వైతే నా దిక్కు మాట్లాడినవు. గది చాలు."

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఆనాటి చేపలు పుస్తకంల మంచిగనే రాసినవు గదా? నిండుగున్నయని?"

"రాశాను" అన్నాను.

ఆయన తల ఊపాడు. సంతోషంగా వెళ్ళాడు. మెట్ల మలుపులో ఆగి, "ఎండలు ముదిరినయి, పగటిపూట బయట ఆడకు" అని కూడా చెప్పాడు.

రోడ్డు పని మొదలయ్యాక ఒకసారి అటు వెళ్ళాం. కయ్య నోట్లోకి లారీలు వెనక్కి వెనక్కి వచ్చి ఇసుక, రాళ్ళు దింపుతున్నాయి. తలలకి గుడ్డలు చుట్టుకున్న మనుషులు పారలతో సర్దుతున్నారు. అంతమందిలో ఆయన్ని పోల్చుకోవడం కష్టమే, కానీ ఆ పొడుగు నాకు తెలుసు. నాన్న కారు ఆపలేదు. నేను ఆపమనలేదు. పోటు వేళ అయి ఉంటుంది, రాళ్ళ ఇవతల నీళ్ళ మీద వెండి మెరుపులు గుంపుగా తిరుగుతున్నాయి, దారి వెతుక్కుంటున్నట్టు.

నాన్న కాంట్రాక్టు రెన్యూ అయింది.

స్కూళ్ళు మళ్ళీ తెరిచే ముందు యూనిఫారం బట్ట కొనడానికి అమ్మా నేనూ ముషైరిబ్ వెళ్ళాం. అప్పటి ముషైరిబ్ అంటే ఇరుకు సందులు, పాత కొట్లు, అరుగుల మీద క్యాంపుల నుంచి వచ్చిన మనుషులు. మేం బేరమాడుతున్న తెలుగు విని ఒకాయన దగ్గరికొచ్చి, ఏ ఊరమ్మా అని అడిగాడు. మాటల్లో ఆయనది నిర్మల్ వైపని తెలిసింది. అమ్మే చిన్నాయన పేరు చెప్పి సంగతి ఎత్తింది, ఎలా ఉన్నాడని.

ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాది ఆయనది ఒక్కటే రూం అమ్మా. జూలైల పడ్డడు. ఈసారి లేవలే. మా వాళ్ళు ఇద్దరు పెట్టె వెంబడి పోయిండ్రు, ఊరుదాక."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు, చాలా రోజులుగా ఎవరికో చెప్పాలని ఉన్నట్టు.

"ఆయన పానం బాగలేదని మా క్యాంప్ బాస్‌కు గూడ ఎర్కనే. మే నెలల క్యాంప్ వంటింట్ల డ్యూటీ ఇస్తనన్నడు. నీడల పని. మేమందరం పోరా అన్నం. అద్దన్నడు. వంటల పడితే మల్ల నీళ్ళ డ్యూటీకి ఇడువరు అన్నడు. సార్ బిడ్డ పుస్తకంల నిజం రాసింది, ఆ పుస్తకం పెద్ద ఆఫీసుకు పోతది, చూసినంక రోడ్డు ఆపి నన్ను పిలుస్తరు అన్నడు. పొద్దూకి అచ్చి రోజూ అదే ముచ్చట. పిలుపు అచ్చిందా అని."

తర్వాత నావైపు తిరిగాడు. "ఆ బిడ్డవు నువ్వేనా?"

"అవును" అన్నాను.

"నిజంగ రాసినవా?"

అమ్మ నావైపు చూసింది. ఆ బాల్కనీ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయిన మనిషి, ఏం చూడలేదని ఇన్నాళ్ళూ నేననుకున్న మనిషి, ఆ చూపులో నాకు తెలిసిపోయింది, పుస్తకం విప్పి చూసిందని.

"రాశాను" అన్నాను మళ్ళీ.

ఆయన నా తల మీద చెయ్యి వేసి నిమిరాడు.

ఇంటికి నడిచి వచ్చాం. అమ్మ బతికినన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. నాన్నా ఎత్తలేదు. మా ఇంట్లో ఎవరికీ ఎవరి మీదా నేరం మోపే అర్హత మిగలకపోవడాన్ని బయటివాళ్ళు సఖ్యత అనుకునేవాళ్ళు.

చిన్నపిల్లవి, నీకేం తెలుసని ఈ కథ విన్న ఒకరిద్దరు నన్ను ఓదార్చబోయారు. వాళ్ళతో దెబ్బలాడాను. అన్నీ తెలుసు. చేప ఏం తిందో కూడా తెలుసు నాకు అప్పటికే. మొదటి సున్నాకి నాన్న భయం కారణమని, గుమ్మంలో అబద్ధానికి చిన్నాయన మొహంలో ఆశ కారణమని ఒప్పుకోగలను. ఆ రెండోసారి, బట్టల కొట్టు ముందు, ఎవరూ అడ్డం లేరు. చనిపోయిన మనిషికి ఇక పోయేదేమీ లేదు, నాన్న ఉద్యోగానికీ ఏమీ కాదు. లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ చెయ్యి నా తల మీద ఉండాలని అనిపించింది, అంతే. ఉంచుకున్నాను.